పాపకు ఫిట్స్, సీటీలో 11 మి.మీ. రింగ్: టీబీ గడ్డా, పురుగా? ఎమ్మారై కూడా తీయించాలా?

చీరాల_నాన్న | ఆగస్టు 6, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చేరి రెండేళ్ళయింది కానీ రాయడం ఇదే మొదటిసారి. మా పాపకు 8 ఏళ్ళు, మూడో తరగతి. పోయిన గురువారం పొద్దున పళ్ళు తోముకుంటూ "నాన్నా, నా చెయ్యి చూడు" అంది. చూస్తే కుడి చెయ్యి దానంతటదే కొట్టుకుంటోంది. బ్రష్ జారి సింకులో పడింది. అంతలోనే మూతి ఒక పక్కకు లాగేసి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. మూడు నాలుగు నిమిషాలు ఉండుంటుంది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తే ఫిట్స్ మందు మొదలుపెట్టి, అదే రోజు రంగు మందు ఎక్కించి సీటీ తీశారు. రిపోర్టులో "ఎడమ పెరైటల్ భాగంలో 11 మి.మీ. రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్, చుట్టూ వాపు" అని ఉంది, అంటే మెదడులో రంగు మందుకు ఉంగరంలా మెరిసిన చిన్న గడ్డ అట. ఆ కిందే "టీబీ గడ్డ లేదా న్యూరోసిస్టిసర్కోసిస్" అని రాశారు, రెండోది బద్దెపురుగు పిల్ల మెదడులో చేరి వచ్చే గడ్డ అట. అక్కడి డాక్టరు గారు టీబీయే అయ్యుంటుంది, మందులు మొదలుపెడదాం, ఏడాది పైనే వాడాలి అన్నారు. నిన్న ఇంకొకరికి చూపిస్తే ఇది బద్దెపురుగు గడ్డ, ముందు ఎమ్మారై తీయించండి అన్నారు.

మేము శాకాహారులం. గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. పంది మాంసం తింటే వచ్చే పురుగు మా పిల్ల తలలోకి ఎలా వెళ్తుంది? ఎమ్మారైకి మత్తు ఇస్తారంటున్నారు, మా ఆవిడ దానికే భయపడుతోంది. టీబీ మందులు మొదలుపెట్టాలా, ఆగాలా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మెదక్_పద్మ | ఆగస్టు 6, రాత్రి 11:48

అన్నా, ముందు ధైర్యంగా ఉండండి. మా బాబుకు ఆరేళ్ళప్పుడు అచ్చం ఇట్లనే అయింది. వానికి ఎడమ కాలు కొట్టుకునేది. ఇప్పుడు పదేళ్ళు, మందులు ఆగిపోయి ఏడాదిన్నర దాటింది, స్కూల్లో కబడ్డీ ఆడుతున్నాడు.

వైద్యం దగ్గర మాత్రం మాది వేరే కథ. మొదట చూసినవాళ్ళు సీటీ ఒక్కటే చూసి టీబీ మందులు రాసిచ్చారు. నాలుగు నెలలు వాడినం. వాడికి ఆకలి పోయింది, కళ్ళు పచ్చబడ్డయి, లివర్ టెస్టులు పాడైనయి. అప్పుడు ఇంకో డాక్టరమ్మ పాత ఫిల్మ్ వెలుతురులో పెట్టి చూసి, ఎమ్మారై తీయించి, ఇది పురుగు గడ్డ అన్నది. టీబీ మందులు ఆ రోజే ఆపేసినం. అందుకే చెప్తున్న, రెండో అభిప్రాయం తీసుకుని మంచి పని చేసినరు. ఫిట్స్ మందు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు.

పిల్లల_న్యూరో | ఆగస్టు 7, ఉదయం 6:15

చీరాల_నాన్న గారూ, నేను పిల్లల నరాల డాక్టరుని. పాపను చూడకుండా ఫలానా జబ్బని చెప్పను, మోతాదులూ రాయను. ఈ రింగ్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్తాను, మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మన దేశంలో సీటీ స్కాన్లు వచ్చిన కొత్తల్లో, 1980లలో, ఫిట్స్‌తో వచ్చిన పిల్లల మెదళ్ళలో ఇలాంటి చిన్న రింగులు చాలా కనబడ్డాయి. మనది టీబీ ఎక్కువున్న దేశం కాబట్టి అన్నిటినీ టీబీ గడ్డలే అనుకుని ఏడాదీ ఏడాదిన్నరా టీబీ మందులు ఇచ్చారు. కొన్నాళ్ళకు మళ్ళీ సీటీ తీస్తే రింగ్ మాయమయ్యేది. మందులు పనిచేశాయి అనుకునేవారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ గార్ల బృందం అలాంటి గడ్డల్ని తీసి మైక్రోస్కోపు కింద చూస్తే, చాలావాటిలో ఉన్నది టీబీ కాదు, చచ్చిపోతున్న బద్దెపురుగు పిల్ల. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మందు వేసినా వేయకపోయినా ఎక్కువ భాగం వాటంతటవే కరిగిపోయే గడ్డలని ఆ తర్వాత తేలింది. అంటే అన్నేళ్ళు ఎంతోమంది పిల్లలు అక్కర్లేని టీబీ మందులు మింగారు.

అదే బృందం తర్వాత కొన్ని గుర్తులు కూడా చెప్పింది. ఒకే గడ్డ, 20 మి.మీ. కంటే చిన్నది, మెదడును పక్కకు నెట్టేంత వాపు లేదు, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు లేవు, రోజురోజుకీ పెరిగే చెయ్యీకాలూ బలహీనత లేదు, ఒంట్లో వేరే జబ్బు ఆనవాళ్ళు లేవు. ఇవన్నీ ఉంటే పురుగు గడ్డ వైపే మొగ్గు. టీబీ గడ్డ మామూలుగా ఇంతకంటే పెద్దది, అంచు మందంగా, ఎగుడుదిగుడుగా, రెండు మూడు కలిసిపోయినట్టు ఉంటుంది. వాపు కూడా ఎక్కువ.

మీరు రాసిన 11 మి.మీ. ఈ లెక్కలో మొదటి వైపే పడుతుంది. కానీ కొలత ఒక్కటీ చూసి తేల్చకూడదు. పాప బరువు తగ్గిందా? రోజూ సాయంత్రం జ్వరం వస్తోందా? ఇంట్లో గానీ పక్కింట్లో గానీ టీబీ ఉన్నవాళ్ళున్నారా? ఛాతీ ఎక్స్‌రే తీశారా? టీబీ కోసం చేతి మీద వేసే మాంటూ పరీక్ష పొంగినా అదొక్కటే సాక్ష్యం కాదు, మన పిల్లల్లో చాలామందికి పొంగుతుంది.

ఎమ్మారై తీయించమన్నది సరైన సలహా అనే నా అభిప్రాయం. సీటీలో చాలాసార్లు రింగ్ మాత్రమే కనబడుతుంది. ఎమ్మారైలో ఆ రింగ్ లోపల ఏముందో కనబడే అవకాశం ఉంది. ఒక పక్కన చిన్న చుక్క కనబడితే అది పురుగు తల. దాన్ని స్కోలెక్స్ అంటాం. అది కనబడిందంటే ఇక వాదన లేదు.

చీరాల_నాన్న | ఆగస్టు 7, ఉదయం 7:02

డాక్టర్ గారూ, మీకు చాలా రుణపడి ఉంటాను. పాప బరువు తగ్గలేదు, జ్వరం లేదు. మా తాతగారికి ఎప్పుడో టీబీ వచ్చిందంటారు, నేను పుట్టకముందు సంగతి. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. మరి శాకాహారం సంగతి?

ల్యాబ్_సూరి | ఆగస్టు 7, ఉదయం 9:30

నేను మైక్రోబయాలజీ ల్యాబులో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజుకొకరు అడిగే ప్రశ్న ఇది.

సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగుల్లో బద్దెపురుగు. అది తలలోకి పోదు. ఆ పురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు నీళ్ళ ద్వారానో, మురుగునీటితో పెరిగిన కొత్తిమీర, క్యారెట్, పాలకూర ద్వారానో, దొడ్డికి వెళ్ళొచ్చి చేతులు కడుక్కోని మనిషి వండిన వంట ద్వారానో మన కడుపులోకి పోతే, అవి పేగు గోడ దాటి రక్తంలో కలిసి మెదడుకో, కంటికో, కండకో చేరతాయి. ఫిట్స్ తెచ్చేది ఇదే. కాబట్టి మాంసం ముట్టని ఇంట్లో కూడా వస్తుంది, వస్తూనే ఉంది. ఇది మీ తప్పు కాదు. ఈ పురుగు తిరిగే ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది.

ఒక పని చెయ్యండి. ఇంట్లో అందరూ, వంటకూ పనికీ వచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళతో సహా, మల పరీక్ష చేయించుకోండి. ఎవరినీ తప్పుబడుతున్నట్టు కాకుండా మర్యాదగా అడగండి. ఎవరికన్నా పురుగు ఉంటే చిన్న మందుతో పోతుంది, పాపకు మళ్ళీ రాకుండా ఉంటుంది.

ఇద్దరాడపిల్లల_తండ్రి | ఆగస్టు 7, మధ్యాహ్నం 1:10

నాదో ఆవేదన. చిన్నపిల్లకు ఏకంగా సీటీ ఎందుకు తీశారు? రేడియేషన్ కదా. మొదటే ఎమ్మారైకి పంపితే ఒక దెబ్బతో పోయేది. మా పెద్దపాపకు జ్వరంలో ఒక నిమిషం ఫిట్స్ వస్తే కూడా సీటీ తీశారు. అంతా నార్మల్ అన్నారు. ఆ రోజు నుంచి నా మనసులో అదే తొలుస్తోంది.

స్కానింగ్_రూమ్ | ఆగస్టు 7, సాయంత్రం 6:40

అన్నగారూ, నేను రేడియోగ్రాఫర్ని. పదిహేనేళ్ళుగా సీటీ, ఎమ్మారై రెండింటి మీదా పనిచేస్తున్నాను. మీ బాధ న్యాయమైనదే, లెక్క మాత్రం చెప్తాను. 2012లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం, పదేళ్ళలోపు పిల్లల్లో పదివేల తల సీటీలకు ఆ తర్వాతి పదేళ్ళలో ఒక అదనపు బ్లడ్ క్యాన్సర్, ఒక అదనపు మెదడు కణితి రావచ్చు. ప్రమాదం ఉంది, అందుకే అనవసరంగా తీయకూడదు. కానీ మీ పాపకు జరిగిన ఒక్క సీటీకి మీరు రాత్రులు నిద్ర మానుకోనక్కర్లేదు.

చీరాల పాప సంగతి వేరు. జ్వరం లేకుండా, ఒక పక్క మొదలైన ఫిట్స్‌తో పిల్ల ఎమర్జెన్సీకి వచ్చింది. తలలో రక్తస్రావమా, పెద్ద గడ్డా, వాపా అన్నది ఆ గంటలోనే తేలాలి. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఎమ్మారైకి పిల్ల ముప్పై నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి, అప్పుడే ఫిట్స్ వచ్చి తగ్గిన పిల్లతో అది అన్నిచోట్లా కుదరదు. పైగా సున్నం పేరుకున్న చుక్కలు సీటీలోనే తేటగా కనబడతాయి. ఎమ్మారైలో వాటి కోసం ప్రత్యేకంగా ఒక సీక్వెన్స్ నడపాలి, జీఆర్ఈ అనో ఎస్‌డబ్ల్యూఐ అనో అంటారు.

పిల్లల_న్యూరో | ఆగస్టు 7, రాత్రి 9:05

స్కానింగ్_రూమ్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లకి జ్వరంలో, పదిహేను నిమిషాల లోపు, ఒళ్ళంతా ఒకేలా, 24 గంటల్లో ఒక్కసారే వచ్చిన ఫిట్స్‌కి, పిల్ల తర్వాత మామూలుగా ఉంటే, ఏ స్కానూ అక్కర్లేదు. జ్వరానికి కారణం వెతకాలి, మెడ బిగుసుకుపోయిందేమో చూడాలి, అంతే. "స్కాన్ వద్దు" అని చెప్పడానికి డాక్టరుకు పది నిమిషాలు పడుతుంది, రాయడానికి పది సెకన్లు. రద్దీలో ఆ పది నిమిషాలు దొరకవు. మా వాళ్ళ వైపు నుంచి ఇది ఒప్పుకోవాల్సిన లోపం.

రాజోలు_మాస్టారు | ఆగస్టు 8, ఉదయం 5:50

నాయనా, పెద్దవాణ్ణి, నా అనుభవం చెబుతున్నా. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టండి, ఇనుము తగిలితే తగ్గుతుంది. పళ్ళ మధ్య చెంచా పెట్టండి, నాలిక కొరుక్కోకుండా. మా అన్నగారి అబ్బాయికి అలాగే చేసేవాళ్ళం.

మెదక్_పద్మ | ఆగస్టు 8, ఉదయం 8:20

మాస్టారూ, మీరు ప్రేమతో చెప్పినరు, మా అత్తమ్మ కూడా తాళాలు పెట్టేది. కానీ చెంచా మాత్రం వద్దండి. మా బాబుకు మొదటిసారి వచ్చినప్పుడు మేమూ పెట్టినం, ముందుపన్ను ఊడి గొంతు దాకా పోయింది. డాక్టరమ్మ నేర్పింది చెప్తున్న: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చెయ్యాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిస్తరు, అది ఇంట్లో ఒకటి, స్కూల్ బ్యాగులో ఒకటి పెట్టుకోండి. వాడడం టీచరుకు కూడా నేర్పండి.

రాజోలు_మాస్టారు | ఆగస్టు 8, ఉదయం 9:15

పద్మమ్మా, పన్ను సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా స్కూల్లో ఇంకా పనిచేస్తున్న పిల్ల టీచర్లకు నువ్వు రాసింది రేపే చూపిస్తాను.

చీరాల_నాన్న | ఆగస్టు 8, రాత్రి 10:30

టీబీ మందులు మొదలుపెట్టలేదు. ఎమ్మారై సోమవారానికి రాయించుకున్నాం. స్కానింగ్_రూమ్ గారూ, ఆ రోజు ఏం జరుగుతుందో కాస్త చెప్తారా? మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది.

స్కానింగ్_రూమ్ | ఆగస్టు 9, ఉదయం 6:10

చెల్లెమ్మా, నేరుగా నీకే రాస్తున్నా.

8 ఏళ్ళ పిల్లలు చాలామంది మత్తు లేకుండానే పడుకుంటారు, ముందుగా ఇంట్లో అలవాటు చేస్తే. ఈ రెండు రోజులు మంచం కింద దుప్పటి పరిచి పాపను అక్కడ పడుకోబెట్టండి, స్టాచ్యూ ఆట ఆడండి. ఫోనులో ఎమ్మారై శబ్దం వినిపించండి. రేకుల ఇంటి మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది, మధ్యలో సుత్తితో కొట్టినట్టు, ఆగి మళ్ళీ. ఆ మోతే పిల్లల్ని భయపెట్టేది, ముందే తెలిస్తే భయపడరు. చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్ పెడతాం. చేతిలో ఒక రబ్బరు బంతి ఇస్తాం, నొక్కితే మేము లోపలికి వచ్చేస్తాం. అమ్మ పాదం దగ్గర చెయ్యి వేసి కూర్చోవచ్చు.

మత్తు ఇవ్వాల్సి వస్తే ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు. "పాపం ఆకలి" అని దారిలో బిస్కెట్ పెట్టి మా దగ్గర దాచొద్దు. మత్తులో కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకు అన్నిటికంటే భయం అదే. ఫిట్స్ మందు వేళ తప్పకుండా రెండు గుక్కల నీళ్ళతో వేయొచ్చా అని మత్తు డాక్టరును ముందే అడగండి.

ఇక ఒంటి మీద లోహం. పాపకు మొలతాడు, తాయెత్తు, పట్టీలు, జడపిన్నులు అన్నీ తీసేయాలి. లోపల కూర్చునే నువ్వూ అంతే. మన ఆడవాళ్ళు తాళికి రెండు మూడు పిన్నీసులు తగిలించుకుని మర్చిపోతారు. ఆ గదిలో అయస్కాంతం రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది, స్విచ్ కట్టేది కాదు. ఒకసారి ఒకావిడ కొంగు మడతలో ఉన్న పిన్నీసు గాల్లో నిటారుగా లేచి లాగడం నా కళ్ళతో చూశాను. ఇంకోసారి ఒక నాయనమ్మ తాయెత్తు తీయనని ఏడ్చింది. "అమ్మా, మీరు బయట గుప్పిట్లో పట్టుకుని కూర్చోండి, లోపల నేను చూసుకుంటాను" అన్నాను. స్కాన్ అయ్యేదాకా ఆవిడ గుప్పిట విప్పలేదు. బాబు బయటికి రాగానే తనే కట్టింది.

రంగు మందు ఇక్కడ గడోలినియం. కిడ్నీలు బాగున్నాయో లేదో రక్తంలో క్రియాటినిన్ చూసి ఇస్తాం. మీ సీటీ సీడీ, ఫిల్మ్ రెండూ తప్పకుండా తెండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే రేడియాలజిస్టు పోల్చి చూడలేరు.

డాలస్_పిన్ని | ఆగస్టు 9, రాత్రి 8:55

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అక్క మనవడికి రెండున్నరేళ్ళు, మాటలు రాలేదు, పిలిస్తే చూడడు. విజయవాడలో ఎమ్మారై తీస్తే నార్మల్ అన్నారు. "మెదడు బాగుంది కాబట్టి ఆటిజం కాదు" అని ఇంట్లో అందరూ సంతోషపడి థెరపీ ఆపేశారు. నాకు మనసొప్పడం లేదు.

పిల్లల_న్యూరో | ఆగస్టు 9, రాత్రి 10:10

మీ మనసు చెప్పిందే నిజమండీ. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఎమ్మారై నార్మల్‌గానే ఉంటుంది. ఆటిజం ఉందో లేదో తేల్చేది పిల్లవాడితో కూర్చుని, ఆడించి, గమనించే మనిషి. యంత్రం కాదు. రేపటికి వాయిదా వేయకుండా మీ అక్కకు ఫోన్ చేసి, థెరపీ మళ్ళీ మొదలుపెట్టించండి. వినికిడి పరీక్ష అయిందో లేదో కూడా అడగండి. దీనిమీద ఇంకా మాట్లాడాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, నేనక్కడికి వస్తాను.

ఎర్రగిన్నె_అమ్మ | ఆగస్టు 10, ఉదయం 4:40

నేనూ ఒక మాట రాయాలి, దీనికి వేరే చర్చ వద్దు, ఇక్కడే ఉండనివ్వండి.

మా అమ్మాయి నెలలు నిండి పుట్టింది, మూడు కిలోలు. నాకు మొదటి కాన్పు, పాలు పడలేదు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి పిల్ల నిద్రలోనే ఉంది. "బుద్ధిమంతురాలు, ఏడవదు" అని అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజు చల్లబడి, ఫిట్స్ వచ్చాక ఎవరో మడమ గుచ్చి షుగర్ చూస్తే మీటరు మీద 14. ఆ ఆసుపత్రి పేరు రాయను, వాళ్ళ మీద కోపం కూడా ఇప్పుడు లేదు.

ఏడో నెలలో నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి రెండు చేతులూ చాచేది, వరసగా పది పదిహేనుసార్లు. మా అత్తగారు దండం పెడుతోంది అని మురిసిపోయారు. అవి ఫిట్స్. అప్పుడు తీసిన ఎమ్మారైలో మెదడు వెనక భాగం, రెండు పక్కలా, మచ్చలు. డాక్టరు గారు ఫిల్మ్ మీద వేలు పెట్టి "ఇది చూపుకు సంబంధించిన చోటు. పుట్టిన వెంటనే షుగర్ పడిపోయిన పిల్లల్లో దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే" అన్నారు. అప్పటిదాకా పిల్ల నన్ను చూడడం లేదని కంటి డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాను, వాళ్ళేమో కళ్ళు బాగున్నాయి అంటున్నారు. కళ్ళు బాగానే ఉన్నాయి. చూసింది అర్థం చేసుకునే చోటు దెబ్బతింది.

ఆ ఫిల్మ్ చూశాక నేను చేసేది మారింది. తెల్ల పళ్ళెంలో తెల్లన్నం పెడితే తడుముకునేది. ఎర్ర గిన్నెలో పెట్టాను, గిన్నె వైపు తల తిప్పింది. ఇప్పుడు అయిదేళ్ళు. పసుపు చీర కడితే అమ్మ అంటుంది. జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రంలో, థెరపీ ఉచితంగా నడుస్తోంది. గర్భిణులూ కొత్త తల్లులూ ఎవరన్నా చదువుతుంటే ఒకటే అడుగుతున్నాను. పాలు తాగకుండా మత్తుగా పడుకున్న పసిగుడ్డును మెచ్చుకోకండి. షుగర్ చూడమని అడగండి. ఒక్క రక్తపు చుక్క చాలు.

పిల్లల_న్యూరో | ఆగస్టు 10, ఉదయం 6:30

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మన దగ్గర పసిపిల్లల్లో ఆ రకం ఫిట్స్‌కి పుట్టినప్పటి షుగర్ పడిపోవడం ముఖ్యమైన కారణాల్లో ఒకటి. పిల్లలు వరసగా తల వాల్చి దండం పెట్టినట్టు చేస్తే, ఫోనులో వీడియో తీసి అదే రోజు డాక్టరుకు చూపించండి. అక్కడ ఎమ్మారై కంటే ముందు ఈఈజీ, అంటే మెదడులోని కరెంటు తీరు చూసే పరీక్ష, కావాలి. ఆలస్యమైన ప్రతి వారమూ లెక్కకొస్తుంది.

చీరాల_నాన్న | ఆగస్టు 12, రాత్రి 9:45

ఎమ్మారై అయింది. మత్తు అవసరం పడలేదు! మంచం కింద స్టాచ్యూ ఆట రెండు రోజులు ఆడాం. లోపలికి వెళ్ళేముందు మా ఆవిడ తాళి పిన్నీసులు నాలుగు తీసి నా చొక్కా జేబులో వేసింది. పాప ముప్పై అయిదు నిమిషాలు కదల్లేదు.

రేడియాలజిస్టు గారు స్క్రీన్ దగ్గరికి పిలిచి చూపించారు. నల్లటి మెదడులో కందిగింజంత తెల్లటి గుండ్రం, దాని లోపల గోడకు ఆనుకుని ఒక చుక్క. "ఇదే పురుగు తల" అన్నారు. అంత చిన్న చుక్క. దాన్ని చూసి నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. మా ఆవిడ మాత్రం ఊపిరి పీల్చుకుంది, టీబీ కాదని. కంటి డాక్టరుకు చూపించమన్నారు, ఎందుకో అర్థం కాలేదు.

పిల్లల_న్యూరో | ఆగస్టు 12, రాత్రి 10:20

చాలా మంచి వార్త. కంటి పరీక్ష తప్పనిసరి. కంటి లోపల కూడా పురుగు ఉండి, తెలియకుండా పురుగును చంపే ఆల్బెండజోల్ మందు ఇస్తే, అది చచ్చేటప్పుడు వచ్చే వాపుకు చూపు పోవచ్చు. మెదడులో కూడా అంతే, పురుగు చచ్చేటప్పుడు వాపు పెరుగుతుంది, అందుకే ముందు వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టి తర్వాత ఆల్బెండజోల్ ఇస్తారు. మెడికల్ షాపులో ఆల్బెండజోల్ కొని సొంతంగా వేయకండి. స్కూల్లో ఇచ్చే నులిపురుగుల బిళ్ళ సంగతి కూడా మీ డాక్టరుకు చెప్పి అడగండి.

చీరాల_నాన్న | సెప్టెంబర్ 3, రాత్రి 8:15

కళ్ళు బాగున్నాయి. మందులు పూర్తయ్యాయి. ఫిట్స్ మళ్ళీ రాలేదు. కానీ పాప చాలా మొండిగా తయారైంది, చిన్నదానికి ఏడుస్తోంది, చెల్లెల్ని కొడుతోంది. ఫిట్స్‌కి లెవెటిరాసిటమ్ అనే మందు వాడుతున్నాం. మెదడు దెబ్బతిని ఇలా అవుతోందా?

మెదక్_పద్మ | సెప్టెంబర్ 3, రాత్రి 8:40

అన్నా, మా వాడు గోడకు తల కొట్టుకునేటోడు. అది మందు వల్లనే. మీ డాక్టరుకు చెప్పండి, మావాళ్ళు మందు మార్చినరు, పదిరోజుల్ల మామూలైండు. మీకు మీరే ఆపకండి.

చీరాల_నాన్న | ఫిబ్రవరి 18, రాత్రి 9:00

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఎమ్మారై తీశారు. రింగ్ లేదు, వాపు లేదు. అది ఉన్న చోట ఒక నల్ల చుక్క మాత్రం మిగిలింది, సున్నం పేరుకుందన్నారు. మందు మార్చాక పాప మళ్ళీ మా పాపే. మల పరీక్షల్లో ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. చుక్క మిగిలింది కాబట్టి ఫిట్స్ మందు ఎంతకాలం?

పిల్లల_న్యూరో | ఫిబ్రవరి 18, రాత్రి 9:50

గడ్డ ఆనవాలు లేకుండా కరిగిపోయిన పిల్లల్లో కొన్ని నెలలకే మందు ఆపడం మొదలుపెడతాం. సున్నపు చుక్క మిగిలినవాళ్ళలో ఫిట్స్ తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి మామూలుగా రెండేళ్ళ దాకా కొనసాగిస్తాం, ఆపేముందు ఈఈజీ కూడా చూడొచ్చు. చుక్క చుట్టూ మళ్ళీ వాపు వచ్చినప్పుడు ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి వాపు లేకుండా కూడా రావచ్చు, కానీ చాలామందికి రావు. చెరువులో, స్విమ్మింగ్ పూల్లో ఒంటరిగా దిగనివ్వకండి. సైకిల్ రోడ్డు మీద కాకుండా గ్రౌండులో తొక్కనివ్వండి. స్కూలు మాన్పించనక్కర్లేదు.

స్కానింగ్_రూమ్ | ఫిబ్రవరి 19, ఉదయం 6:05

చెల్లెమ్మా, ఆగస్టు సీటీ, రెండు ఎమ్మారైల ఫిల్ములూ సీడీలూ ఒకే కవర్లో పెట్టి, మీద తేదీలు రాసి, బీరువాలో నిలువుగా పెట్టు. మడవొద్దు, ఎండ తగలనివ్వొద్దు. సీడీలు పాడైపోతాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి ఉంచు.

చీరాల_నాన్న | ఫిబ్రవరి 19, రాత్రి 7:30

పెట్టామండీ. కవరు మీద తేదీలు పాపే రాసింది, కుడి చేత్తో.